సున్న పొట్ట

నేను ఒక రేడియం మిషన్ని. నన్ను తెచ్చిన డబ్బా మీద చైనా అక్షరాల్లో ఏదో పెద్ద పేరే ఉండేది గానీ, దాన్ని చదివినవాళ్లు ఈ జిల్లాలో లేరు. బళ్ల నంబర్లకూ షాపుల అద్దాలకూ అంటించే రంగు స్టికరును ఇక్కడ రేడియం అంటారు. చీకట్లో మెరిసినా మెరవకపోయినా దాని పేరు రేడియమే. నేను దాన్ని కోస్తాను. నా బ్లేడు ఆవగింజంత. కంప్యూటరు గీత ఎటు పోతే అటు పోవడం, గీత ఆగితే ఆగడం, అంతే నా చదువు. అక్షరం నాకు తెలియదు. అక్షరం అంచు తెలుసు.

ఇలాంటి బతుకులో భయం కాక ఇంకేముంటుంది? వెంట్రుకవాసి లోతుగా దిగితే కింద కాగితం తెగుతుంది. వెంట్రుకవాసి పైపైన పోతే రేడియం ఊడిరాదు. తప్పు దారిలో పోతున్నానని తెలిసినా చెప్పడానికి నోరు లేదు. ఉన్నదల్లా కిర్రుమనే చప్పుడు. ఒప్పుకైనా తప్పుకైనా అదే చప్పుడు.

నా మొదటి యజమాని గంగరాజు రాజమండ్రిలో ఒక ఇరుకు కొట్లో ఉండేవాడు. జన్మలో పేపరు తిరగెయ్యనివాళ్ల బళ్లకు ‘ప్రెస్’ అనీ, కోర్టు గుమ్మం తొక్కనివాళ్ల బళ్లకు ‘అడ్వకేట్’ అనీ నా చేత కోయించాడు. అమ్మానాన్నల ఆశీస్సులు ఇంట్లో అడిగి తీసుకునే తీరిక లేనివాళ్లు వాటిని కూడా నా దగ్గరే కోయించుకుని అద్దానికి అంటించుకునేవారు. తరవాత నాకంటే వెడల్పాటి మిషను రాగానే గంగరాజు నన్ను పాత దుప్పటిలో చుట్టి కొత్తలంకకు అమ్మేశాడు.

కొత్తలంకలో నన్ను కొనుక్కున్నది ఇందుమతి. బీకాం చదివింది. ఇంటి ముందుగదిలో డీటీపీ పెట్టుకుంది. భర్త సత్తిబాబు ఒకప్పుడు కుంచెతో బోర్డులు రాసేవాడు. ఇప్పుడు నేను కోసిన రేడియాన్ని ఒలిచి, బోర్డు మీద అంటించి, మేకులు కొట్టి వస్తాడు. నన్ను చూస్తే మాత్రం సవతిని చూసినట్టు చూస్తాడు.

మూడో మనిషి అత్తగారు మంగతాయారు. సున్న కోసినప్పుడల్లా మధ్యలో ఒక గుండ్రటి బిళ్ల మిగులుతుంది. దాన్ని ఆ ఇంట్లో సున్న పొట్ట అంటారు. ఎర్ర రేడియం పొట్టలు పారెయ్యడానికి వీల్లేదు. పసుపు రంగు వేసిన గడపకు ఆవిడ వాటినే బొట్లుగా అంటించేది.

“కుంకం పెడితే పిల్లి తొక్కేస్తంది. ఇదైతే వానక్కూడా పోదు” అనేది.

“దేవుడు ఒప్పుకుంటాడాండీ?” అని కోడలు అడిగితే, “ఆయనకి రేడియం సంగతి తెలీదులే, నువ్వు చెప్పకు” అనేది.

గడప నడిమధ్యన ఒక పెద్ద బొట్టుకు జాగా ఖాళీగా ఉంచింది. అంత పెద్ద సున్న ఇంకా పడలేదు.

అది కార్తీకంలో ఒక ఆదివారం. పొద్దున్నే పంచాయతీ సెక్రటరీ త్రిమూర్తులు ఎగశ్వాసతో వచ్చాడు. లాకుల రేవు పక్క తోటకు ఎక్కడిదో బడి పిల్లలు వనభోజనాలకు వస్తున్నారట. కాలువ అక్కడ వరసగా దిగదు. మూడో మెట్టు దాటాక ఒక్కసారే నిలువునా దిగిపోతుంది. ఈ ఊరివాళ్లకు ఆ సంగతి తెలుసు. పొరుగూరివాళ్లకు తెలియదు. కిందటేడు తెలియక దిగిన పొరుగూరి పిల్ల ఒకతె మళ్లీ పైకి రాలేదు.

“భోజనాలయ్యేలోపు బోర్డు రేవులో ఉండాలమ్మా. తినగానే పిల్లలు నీళ్లలోకే పరిగెడతారు.”

“మొన్న చెబితే ఏం పోయేదండీ?”

“మొన్న ఎవరూ అడగలేదమ్మా, ఆయ్.”

మాటలు ఇవి: ‘కొత్తలంక పంచాయతీ. లాకుల రేవు. ఇక్కడ నీళ్ల లోతు 10 అడుగులు. గమనించండి.’ అన్నీ ఎర్రగా, అంకె మాత్రం జానెడెత్తున, దూరానికి కనపడాలన్నాడు. జానెడు అన్న మాట వినపడగానే లోపల్నించి మంగతాయారు కేకేసింది.

“దాని పొట్ట నాదే!”

ఇందుమతి కంప్యూటర్లో మాటలు కొట్టడం మొదలెట్టింది. ఒకటి అంకె కొట్టాక, ఆ అక్షరాల్లో అంకెల సున్న కోడిగుడ్డులా ఉంటుందని, దాని బదులు ‘లం’లో వచ్చే గుండ్రటి సున్నే కొట్టింది. మన భాషలో రెండూ సున్నలే కదా. ఆ తరవాత అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి నా దగ్గరికి పంపింది. నేను కోశాను. సత్తిబాబు ఒలవబోతే తలకట్లు ఊడి చేతికొచ్చాయి.

“చూశావా? నా కుంచె ఇరవయ్యేళ్లలో ఒక్క తలకట్టు రాల్చలేదు” అన్నాడు. ఆ గొంతులో దిగులు కంటే తృప్తే ఎక్కువ.

నా తప్పేం లేదు. తెలుగక్షరం చూడ్డానికి ఒకటే గానీ, కంప్యూటరులో అది ముక్కల బొంత. ఒళ్లు ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, వత్తు ఇంకో ముక్క. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. కళ్లున్నవాళ్లకు అక్షరం కనపడుతుంది. నాకు మూడు అంచులు తగులుతాయి. మూడింటినీ కోస్తాను, మెడ దగ్గర సహా.

ఇందుమతికి దానికి మందు తెలుసు. ముక్కలన్నిటినీ కలిపి ఒకే అంచు చేసే మీట ఒకటుంది. నొక్కింది. తలకట్లు అతుక్కున్నాయి. కానీ అక్షరాలు కొట్టిన ప్రోగ్రాంలోంచి నన్ను నడిపే ప్రోగ్రాంలోకి వచ్చినప్పుడే గీతలన్నీ దేనికది విడిపోయాయి. సున్నలో పై చుట్టు వేరే, లోపలి చుట్టు వేరే అయిపోయాయి. అన్నిటినీ కలిపెయ్యమనేసరికి పై చుట్టు లోపలి చుట్టును మింగేసింది. సున్నలన్నీ పొట్టలు నిండి కూర్చున్నాయి.

“అయ్యో రాత! ఇప్పుడు ఒక్కోదానికీ చిల్లు పెట్టాలండీ.”

“పదకొండైందమ్మా” అన్నాడు త్రిమూర్తులు, గుమ్మంలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ.

నన్ను నడిపే ఆ ప్రోగ్రాం తెర మీద రంగులుండవు, వట్టి గీతలే ఉంటాయి. పొట్ట నిండిన సున్న కూడా అక్కడ గుండ్రంగా సున్నలాగే కనపడుతుంది. అందుకని ఆమె కంటిని నమ్మలేదు, నోటిని నమ్ముకుంది. వేలు పెట్టి పైకి చదువుతూ, పొట్ట ఉన్న చోటల్లా ఆగి చిల్లు పెట్టింది. “కొత్త... లం. ఒకటి. పం... చాయతీ. రెండు. లాకుల రేవు. ర పొట్ట తెరిచాను. ఇక్కడ నీళ్ల లోతు పది అడుగులు. గమ... నిం... చం... డి. మూడు, నాలుగు. అయిపోయాయండీ!”

పది. ఆ మాటలో సున్న లేదు. చదివిన నాలుకకు తగల్లేదు, విన్న చెవులకూ తగల్లేదు.

నాకు తగిలింది. ఒకటి అంకె కోశాను. పక్కన పెద్ద చుట్టు తిరిగాను. ఇక లోపలి చుట్టు అనుకుంటూ ఉండగానే, గీత నన్ను ఎత్తి తీసుకుపోయి ‘అ’ మొదట్లో దింపింది. లోపల తిరగలేదే అని ఒళ్లంతా ఝల్లుమంది. మెడలు తెగిన అక్షరాలు కోసినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. అవి చూస్తే ఎవరికైనా తప్పని తెలుస్తుంది. ఇది తప్పులా కనపడని తప్పు. కిర్రుమన్నాను. ఎవరికి తెలుస్తుంది?

ఒలిచాక ఒకసారి సరిచూసే పని రోజూ ఇందుమతిదే. ఆవేళ కూర మాడుతోందని లోపలికి వెళ్లింది. సత్తిబాబు గబగబా ఒలిచి బోర్డుకెక్కించాడు. వచ్చిన సున్న పొట్టల్ని అమ్మ కోసమని నా మూత మీద వరసగా అంటించాడు. బోర్డు మీద ఎర్రటి ఒకటి, పక్కన ఎర్రటి చుక్క, ఆ పక్కన అడుగులు. నీళ్ల లోతు ఒక అడుగని పంచాయతీవారే ఎర్రక్షరాల్లో హామీ ఇచ్చినట్టుంది. త్రిమూర్తులు దానికేసి చూడనైనా చూడలేదు. వాచీకేసి చూశాడు. బోర్డును నడుమ పెట్టుకుని ఇద్దరూ మోపెడ్ మీద వెళ్లిపోయారు.

నేను చల్లబడ్డాను. గోడ మీద గడియారం ముల్లు కదులుతూనే ఉంది. తోటలో ఇప్పుడు ఆకులు వేస్తూ ఉంటారు. ఇప్పుడు పులిహోర వడ్డిస్తూ ఉంటారు. ఇప్పుడు మజ్జిగ. మజ్జిగ తరవాత నీళ్లు.

మంగతాయారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా మూత మీద వేలితో లెక్కపెట్టింది.

“ఏమే అమ్మాయ్, నాలుగే ఉన్నాయి. అన్నీ పిల్లముండలే. నా పెద్ద బొట్టేదీ?”

“అక్కడే ఉంటుంది చూడండత్తయ్యా. మీ అబ్బాయి అంటించారుగా.”

“లేదంటంటే! జానెడు సున్న అన్నాడు ఆ సెక్రటరీ. పొట్ట లేకుండా సున్న ఎక్కడుంటదే?”

లోపల గరిటె కిందపడిన చప్పుడు వినిపించింది. ఇందుమతి వచ్చి నా మూత చూసింది, తెర చూసింది. పెదాలు కదిలాయి. పది, అంది. మళ్లీ, ఒకటీ సున్నా, అంది.

సత్తిబాబుకు ఫోను చేసింది. అది నా పక్కనే, కత్తెర కింద మోగింది.

ఆ తరవాత స్కూటీ చప్పుడే వినపడింది. రేవు రెండు మైళ్లు. మంగతాయారు గుమ్మంలో నిలబడి, దేవుడికి రేడియం సంగతి తానే చెప్పేసుకుంది. “ఇంకెప్పుడూ పెట్టను సామీ, కుంకమే పెడతాను, పిల్లి తొక్కినా ఫరవాలేదు” అని గొణుగుతూనే ఉంది. నాకు దేవుడు లేడు. ఒక ప్లగ్గు ఉంది, అంతే. నా మూత మీద నాలుగు ఎర్రబొట్లు, అయిదోదాని చోట నున్నటి ఖాళీ. ఆ ఖాళీలో ఒక పిల్ల మునిగిపోవచ్చు.

గంట గడిచాక ఆలుమగలిద్దరూ వచ్చారు. ఇందుమతి చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఒక కాలికే చెప్పుంది. గొంతు పూర్తిగా పోయింది.

“రెండో మెట్టు మీద ఉన్నారమ్మా పిల్లలు. పదిహేనుమంది” అన్నాడు సత్తిబాబు తల్లితో. “మేష్టారు బోర్డు చదివి, ఒక్క అడుగేనంట, దిగండర్రా అన్నాడంట. ముందున్న పిల్ల మూడో మెట్టు మీద కాలు పెట్టేసింది. ఇది గట్టు మీంచే పెట్టింది కేక, కాలవ అవతల గేదెలు కూడా ఆగిపోయాయి.”

“నువ్వు అంటించావు కదరా. చుక్క కనపళ్లేదా?”

“డిజైనేమో అనుకున్నానే” అన్నాడు సత్తిబాబు, తల వంచుకుని.

బోర్డును మళ్లీ తీసుకొచ్చారు. పిల్లలందర్నీ మేష్టారు తోటలో కూచోబెట్టాడట. కొత్తది వెళ్లేదాకా త్రిమూర్తులు రేవులో మూడో మెట్టు మీద తానే బోర్డై నిలబడ్డాడట. ఇందుమతి ఆ ఒక్క సున్నే మళ్లీ పంపింది. నేను పై చుట్టు తిరిగాను. బ్లేడు పైకి లేచింది. నా గుండె ఆగింది. లోపలికి దిగింది. తిరిగాను. నా జన్మలో అంత ఇష్టంగా ఏ గీత మీదా పోలేదు.

ఒలిచిన పెద్ద బిళ్లను అత్తగారి చేతిలో పెట్టింది. మంగతాయారు దాన్ని గడప దాకా తీసుకెళ్లి, వెనక్కి వచ్చింది.

“ఇది గడపకొద్దులే” అని నా మూత మధ్యలో, నాలుగు బొట్ల పక్కన ఉన్న ఖాళీలో అంటించింది.

ఇప్పుడు నేను పని మానేసి అటక మీద ఉన్నాను. బెల్టు తెగింది, బ్లేడు దొరకడం లేదట. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు నాకేసి ఆశగా చూశాడు గానీ, బొట్టున్న దాన్ని ఇవ్వనని మంగతాయారు తెగేసి చెప్పింది. కింద కొత్త మిషను కిర్రుమంటూ ఉంటుంది. ఇందుమతి పైకి చదువుతూనే ఉంటుంది. నేను చెవి రిక్కించి వింటాను, భయంభయంగా. నిన్న పాలవాడితో కూడా అంది, “రేపు వ్రతం ఉంది, ఒకటీ సున్నా లీటర్లు పొయ్యి” అని. పాలవాడు నవ్వాడు. నేను మాత్రం అప్పుడే ఊపిరి తీసుకున్నాను.