రెండో తిత్తి

ఆదివారం వస్తే గౌడవెల్లిలో బాబా మియా మటన్ దుకాణం వెనక ముత్తమ్మ బోటి, అంటే మేక పేగులూ పొట్టా, కడిగేది. సిమెంటు తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, బోటి వేసి, మేక కాలేయానికి అంటి ఉండే చేదు తిత్తి ఒకటి చిదిమేది. చేదు తగలగానే తేలుతున్న కొవ్వు వరసలు కట్టేది. కొవ్వు రేణువుల్లో నీళ్లంటే ఇష్టపడే తలలు బయటికి, నీళ్లంటే గిట్టని తోకలు లోపలికి. రెండు వరసలు తోకలు ఆనించుకొని పొరయ్యేవి. పొర అంచులు వంగి మూసుకొని గుమ్మడికాయంత సంచయ్యేది. చిక్కింది గింజుకుంటే ఆ సంచి బిగుసుకునేది, ఇక రెండో తిత్తి దాకా వదిలేది కాదు. ఒకసారి కోడిపిల్ల పడి, అందులోనే మధ్యాహ్నం దాకా కిచకిచలాడింది. రెండో తిత్తి చిదిమితే సంచులన్నీ ఆవగింజంత పూసలుగా చెదిరి, కొవ్వును వెంటేసుకొని పోయేవి. బోటి తెల్లబడేది. ఊళ్లో అందరూ ఎరిగిందే.

రెండు వేల పన్నెండులో ఒక ఆదివారం, ఆమె మొదటి తిత్తి చిదిమి రెండోది చేతిలోకి తీసుకుంది. అప్పుడే మొగుడు జంగయ్య బైకు దిగి వచ్చాడు. ముందురోజు ఆమె మేడ్చల్ పోలీస్ స్టేషన్‌కు పోయిన సంగతి అతనికి తెలిసింది.

"నా మీదనే కేసు పెడ్తవా?"

"పెడ్త. మొన్న పన్ను ఊడగొట్టినవ్. నిన్న వాళ్లు రాసుకోలే, మల్ల పోత."

జుట్టు పట్టి ఆమె నుదురు తొట్టి అంచుకేసి కొట్టాడు. నెత్తురు చిమ్మింది. రెండు చేతులతో తలను నీళ్లలోకి తొక్కి, వీపు మీద మోకాలు వేశాడు.

ముక్కులోకి నీళ్లు పోయాయి. అంతలో పొర వచ్చి ఆమె తలను కమ్మేసింది, అతని చేతులతో సహా. లోపల గాలి ఉంది. కొవ్వు కంపు కొడుతోంది, అయినా గాలే. భయానికి పిడికిలి బిగుసుకోబోయింది. అందులో రెండో తిత్తి ఉంది. అది పగిలితే పొర పోతుంది, తనూ పోతుంది. మోకాలు వెన్నును నలుపుతుంటే ముత్తమ్మ వేళ్లు ఒక్కొక్కటే సడలించి, తిత్తిని గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుంది. కాళ్లు కొట్టుకోవడం ఆపేసింది.

చచ్చిందనుకొని జంగయ్య పట్టు వదిలాడు. గింజుకోని తలను సంచి బిగించలేదు; ఆమె దాన్ని మెల్లగా బయటికి లాక్కుంది. అతను చేతులు తీయబోతే ఖాళీ అయిన సంచి అతని రెండు మణికట్ల మీద బిగుసుకుంది. గుంజుకున్నాడు, తొట్టిని తన్నాడు. మణికట్టులో ఎముక పటుక్కుమంది.

అరుపులు విని, దుకాణం ముందర గిరాకీలో ఉన్న బాబా మియా వచ్చి చూసి, ఫోను చేశాడు. గంటకు కానిస్టేబుల్ దిగాడు.

"ఆలుమగల లొల్లి. ఆ తిత్తి పగలగొట్టమ్మా, కూసొని మాట్లాడుకుందాం."

"నిన్న గూడ గదే అన్నరు సారూ. మొదలు రాసుకోండ్రి."

"జల్దీ పగలగొట్టే, చేతులు పోతున్నయ్," అని జంగయ్య ఏడుస్తున్నాడు.

"ఆమె మొండిది సాబ్," అంటూ బాబా మియా కానిస్టేబుల్ వైపు స్టూలు జరిపాడు. "రాసుకునుడే జల్దీ అయితది."

కానిస్టేబుల్ నల్లబడుతున్న ఆ చేతులను చూసి పెన్ను మూత తీశాడు. ముత్తమ్మ నుదుటి నెత్తురు కొంగుతో అద్దుకొని, తిత్తిని ఒళ్లో పెట్టుకొని ఎదురుగా కూర్చుంది.

"యాడికెళ్లి చెప్పాలె సారూ? లగ్గం కాడికెళ్లా?"

"అన్నీ చెప్పు."

"అయితే గా ఒక్క కాయితం సరిపోదు."