రెక్క కోసిన బొచ్చెలు

సముద్రాన్ని నేను ఇప్పటిదాకా చూడలేదు. అయినా అందులో చేపలెన్నో అంచనా కట్టే గణిత నమూనాలు నేర్చుకుంటానని మొండికేశాను. మా రేగొండలో అందరూ నవ్వారు. నవ్వనీ. ఆన్‌లైన్ క్లాసు చెప్పే కోస్తా సారు మాత్రం ఒక షరతు పెట్టాడు: దగ్గరున్న నీళ్ళలో నమూనా నడిపి జవాబు తెచ్చినవాళ్ళకే పరిశోధన పడవలో చోటు.

సూత్రం తేలికే. కొన్ని చేపలకు గుర్తు పెట్టి వదలాలి. మళ్ళీ వల వేసినప్పుడు గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూసి, ఆ అంకెతో భాగిస్తే మొత్తం ఎన్నో తేలుతుంది. మా చెరువులో నేనే చిన్న వలతో బొచ్చె చేపలు పట్టి, వీపు రెక్క కొస కత్తిరించి వదిలాను.

తర్వాత మత్స్య సంఘం వాళ్ళు వల లాగితే, గట్టు మీద పోసిన కుప్పలో గుర్తున్నది ఒక్కటీ లేదు. సున్నాతో భాగించాలి! "ఆదివారం లోపు జవాబు రాకపోతే చోటు ఇంకొకరికి" అన్నాడు సారు. ఏదో ఒక అంకె వేసేద్దామా అని మనసు పీకింది. దొంగ లెక్కతో పడవెక్కడం కంటే ఎక్కకపోవడం మేలనుకుని, సంఘం పెద్ద రాజమల్లు దగ్గరికి నడిచాను.

"పెద్దబాపు, రెక్క కోసిన బొచ్చె ఒక్కటన్న పడలేదా?"

"పడకేంది బిడ్డా, మస్తు పడ్డయి. చెవి గోసి దేవునికి ఇడిసిన మేకను ముట్టుకుంటమా? గివీ గంతే అనుకున్నం. మొక్కి మల్ల నీళ్ళల్ల ఇడిసినం."

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మొక్కు మేకల ఊళ్ళో పుట్టి కూడా, ఎవరికీ చెప్పకుండా కత్తెర పట్టింది నేనే.

"అవి నేను గోసినయి."

"అన్ని నువ్వే గోసినవని ఎట్ల నమ్మాలె? తప్పు వడితె మాకు వలల ఒక్క శాప దొర్కది" అంది ఆయన భార్య గట్టమ్మ.

వాదించలేదు. "సరే పెద్దమ్మా, రెక్క గోసినవాటిని అమ్మకుర్రి, తినకుర్రి. వల అయ్యేదాక నా నీళ్ళ తొట్టిల ఉంచుర్రి, నేను లెక్కవెడ్త; అయినంక మీ చేతులతోనే ఇడువుర్రి."

తొట్టికి పసుపు రాయాలంది. రాశాను.

ఆదివారం వల పడింది. గట్టమ్మ గుర్తున్న ఒక్కో బొచ్చెకు దండం పెట్టి తొట్టిలో వేస్తుంటే లెక్కపెట్టాను. జవాబు వచ్చింది. దాని కింద రాశాను: 'గుర్తున్న చేపను జాలరి ఏం చేస్తాడో తెలియనిదే ఈ లెక్క నమ్మొద్దు.'

సాయంత్రం సారు ఫోన్ చేసి చోటు ఖాయమన్నాడు. ఆపైన, "సముద్రం మీద వేలమంది జాలర్లమ్మా నీలీ. వాళ్ళందర్నీ అడుగుతూ కూర్చుంటావా?" అన్నాడు.

"అడుగుత సార్. మొదటి రేవు ఏదో చెప్పుర్రి."