తొమ్మిది మెట్ల పైన ఒక తలుపు

నేను ఒక వీధి తలుపును; ఒంటిరెక్క టేకు తలుపును. మొదట రేపల్లెలో ఒక బియ్యపు మిల్లు యజమాని ఇంటికి నన్ను చేయించారు. ఆయనకు జంట తలుపుల మీద మోజు పుట్టిన ఏడు నేను పాత కలప అడితికి చేరాను. అక్కడి నుంచి పరంధామం నన్ను కొని, తొమ్మిది మెట్ల పైనున్న తన కొత్త ఇంటికి బిగించాడు. వరదకు భయపడి అంత ఎత్తున కట్టాడు. వరద ఒక్కసారీ రాలేదు. శివరాత్రికి ముందు లారీ ప్రమాదంలో ఆయన కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. ఆనాటి నుంచి చక్రాల కుర్చీలో నా దాకా వచ్చి, మెట్లను చూసి వెనక్కి తిరుగుతున్నాడు.

పక్క వీధిలో నేలమట్టపు ఇల్లొకటి అమ్మకానికి ఉంది. శనివారం దాకా ఆగుతామన్నారు ఆ ఇంటివాళ్ళు. ఈలోగా ఈ ఇల్లు అమ్ముడుపోవాలి.

పరంధామం భార్య వకుళ కారే కుళాయికి వాషరు వేయించింది, వంటింటికి సున్నం కొట్టించింది, చీకటి గదిలో పెద్ద బల్బు పెట్టింది. ఇరవై ఏళ్ళు తాము సర్దుకుపోయిన లోపాలను మనుషులు పరాయివాళ్ళు వచ్చే ముందే బాగుచేస్తారు. ఎందుకో నాకు నేటికీ బోధపడలేదు. చివరికి నా వంతు వచ్చింది. చూడటానికి వచ్చే మంగతాయారు గారు, అడుగుపెట్టేటప్పుడు తలుపు కిర్రుమందని ఇదివరకే రెండు ఇళ్ళు వద్దన్నదట. వకుళ నా బందుల్లో రెండు పూటలా ఆముదం పోసింది. రంగులు వేసే దానియేలు నా పాత గడియ రంధ్రాలను లప్పంతో పూడ్చి, పైన గోధుమరంగు పూశాడు.

"రేపు పొద్దుటి దాకా వారగా వదిలేయండమ్మా. మూశారంటే అతుక్కుపోద్ది," అని చెప్పి వెళ్ళాడు.

గురువారం సాయంత్రం ఏటవాలుగా జల్లు కొట్టింది. రంగు తడిసిపోతుందన్న కంగారులో వకుళ నన్ను గట్టిగా మూసేసింది. కిర్రుమనకూడదన్న ఒక్క దిగులుతోనే ఉన్న నాకు, ద్వారబంధం మెల్లగా నన్ను పట్టుకుంటున్న సంగతి ఆలస్యంగా తెలిసింది.

ఎనిమిదిన్నరకు దుర్ముహూర్తం వస్తుందని మంగతాయారు గారు శుక్రవారం ఏడింటికే దిగింది. వకుళ లోపలి నుంచి లాగింది. నేను కదలలేదు.

"ఏమ్మా, ఇల్లు చూపిస్తారా, తలుపు చూపించి పంపిస్తారా?"

"వస్తున్నానండీ, ఒక్క నిమిషం!" అంటూ వకుళ మళ్ళీ లాగింది.

"నువ్వు తప్పుకోవే. చేతులు బాగానే ఉన్నాయిగా నాకు," అన్నాడు పరంధామం. కుర్చీని గోడకు ఆనించి, గడియను రెండు చేతులా పట్టి గుంజాడు. కోరాగుడ్డ చింపినట్టు చప్పుడైంది. బెత్తెడు రంగు ద్వారబంధానికే ఉండిపోయింది. లప్పం ముక్కలు మంగతాయారు గారి పాదాల ముందు రాలాయి.

"కిర్రుమనలేదండీ," అంది వకుళ సన్నగా.

ఆవిడ వంగి, బయటపడిన రంధ్రంలో వేలు పెట్టి చూసింది. "ఇది వేరే ఇంటి తలుపమ్మా. ఒకరి ఇంట్లో వాడిన కలప ఇంకొకరికి అచ్చిరాదు." నా పుట్టుక బయటపడింది. ఆవిడ వెనుదిరిగితే శనివారం గడిచిపోతుంది. నా ప్రాణం బందుల్లోకి వచ్చింది.

ఆవిడ కుర్చీని చూసింది. వెనక్కి తిరిగి మెట్లు చూసింది.

"కిందికి దిగి ఎన్నాళ్ళయింది నాయనా?"

"అయిదు నెలలండీ."

ఆవిడ లోపలికి నడిచింది. కుళాయి తిప్పలేదు, సున్నం వాసనను పట్టించుకోలేదు. పెరటిదాకా వెళ్ళొచ్చి, "ఇల్లు మాకు నచ్చింది. మీ తలుపు మాత్రం మీరు పట్టుకెళ్ళండి," అంది.

అలా నన్ను ఊడదీశారు. మళ్ళీ అడితికే అనుకున్నాను. కానీ నేలమట్టపు ఇంటికీ ఒక్క మెట్టు ఉంది. కొనే హడావిడిలో దాన్నెవరూ లెక్కలోకి తీసుకోలేదు. పరంధామం నన్నే దాని మీద వాలుగా వేయించాడు.

ఇప్పుడు నేను పడుకుని ఉన్నాను. జల్లు పడితే నాలో దిగులు మేలుకుంటుంది: చక్రం జారుతుందేమో, చెక్క ఉబ్బుతుందేమో. రోజూ ఉదయం ఆయన కుర్చీ నా మీదుగా వీధిలోకి దిగుతుంది. ఆ బరువుకు నేను కిర్రుమంటాను. ఆముదం సీసాతో ఎవరూ రారు. వంటింట్లో వకుళ ఆ చప్పుడు విని, ఆయన బయటికి వెళ్ళాడని తెలుసుకుని, బియ్యం కడుక్కుంటుంది.