డైరెక్టరుగారి పచ్చికలో అడవిదున్నలు

తాతల కాలంలో వేటగాళ్లు తుడిచిపెట్టిన అడవిదున్నలను మళ్లీ ఆ గడ్డిమైదానానికి తెస్తున్నారంటే, అందరికన్నా ఎక్కువ హడావుడి పడింది అభయారణ్యం డైరెక్టరుగారే. ప్రారంభోత్సవానికొచ్చే మంత్రిగారి బూట్లకు దుమ్మంటకూడదని, దున్నలను వదిలే చోట నడుమెత్తు గడ్డినంతా నున్నగా కోయించేశారు.

దున్నలు మేస్తే ఆ గడ్డి ఎలా మారుతుందో చూడాలని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న పరిశోధకురాలు పరుగెత్తుకొచ్చింది.

"సార్, అవి తినేదే అది! ఇప్పుడేం మేస్తాయి?"

"ముందు మంత్రిగారి భోజనం సంగతి చూడనివ్వమ్మా."

బ్యాండు మోగింది. రిబ్బను తెగింది. లారీల్లోంచి దున్నలు దిగి, బోడినేలను వాసన చూశాయి. మంత్రిగారు మైకు అందుకునేలోపే వేదిక పక్కనుంచి వరసగా నడిచి, కనుచూపు మేరలో మిగిలిన ఒకే ఒక్క పచ్చదనంలోకి వెళ్లిపోయాయి. అది డైరెక్టరుగారి బంగళా ముందున్న పచ్చిక.

సాయంత్రానికి గులాబీలు మాయం. పెద్ద మగదున్న గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

"తోలించెయ్యండి!" అన్నారు డైరెక్టరుగారు.

"కుదరదు సార్. కొత్త చోటు అలవాటయ్యేదాకా వాటి జోలికి ఎవరూ వెళ్లకూడదని మీరే కదా ఆర్డరేశారు," అంది పరిశోధకురాలు.

"నేనన్నది మైదానంలో!"

"బంగళా కూడా అభయారణ్యంలోదే కదండీ."

కిటికీలోంచి ఆయన భార్య కేకేసింది: "ఏమండీ, నాకు పెరటి తలుపుంది, ఇబ్బంది లేదు. మీరు మాత్రం ఇటు రాకండి. అది మిమ్మల్నే గుర్రుగా చూస్తోంది."

ఆయన పరిశోధకుల హాస్టల్లో, పై మంచం మీద సర్దుకున్నారు.

వానలకు మైదానం చిగురించాక దున్నలు వాటంతటవే వెళ్లిపోయాయి. అవి పొర్లిన గుంటల్లో నీళ్లు నిలిచాయి. వాటి బొచ్చులోంచి రాలిన గింజలు పచ్చికంతా మొలిచాయి. కోతయంత్రంతో వచ్చిన తోటమాలిని భార్య గేటు దగ్గరే ఆపేసింది.

ఈలోగా డైరెక్టరుగారు రాజధాని సదస్సులో "నివాస ప్రాంగణంలో వన్యప్రాణుల పునరావాసం: ఒక సాహసోపేత ప్రయోగం" అంటూ ప్రసంగించి పతకం కొట్టేశారు. దాన్ని మెడలో వేసుకునే ఇంటికొచ్చారు.

భార్యా, పరిశోధకురాలూ మోకాళ్లమీద కూర్చుని, పేరు తేలని ఒక మొక్కను భూతద్దంలో చూస్తున్నారు.

ఆయన దగ్గారు.

"కాస్త పక్కకు జరగండీ," అంది భార్య తలెత్తకుండానే. "వెలుతురుకు అడ్డొస్తున్నారు."