ముందు సీట్లో ఉప్పు బస్తా

మా ఆయన కారు నేను పక్కన కూర్చుంటే ఆగదు. ఎవరు పక్కన కూర్చున్నా ఆగదు. ఆయన ఒక్కడూ వెళ్తేనే దారిలో ఆగిపోతుంది. ఇది ఆయన చెప్పే మాట. చూసినవాళ్ళు ఎవరూ లేరు. చూసినవాళ్ళు లేని మాటకు మా పేటలో ఎంత విలువ ఇస్తారో వేరే చెప్పక్కర్లేదు.

ఆయన పేరు ధనరాజు. నా మేనమామ కొడుకు, అందుకే పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావ అనే పిలుస్తాను. నౌపడకు అవతల సముద్రం ఒడ్డున మా పేట. మావాళ్ళంతా తెడ్డు పట్టుకుంటే ఈయన స్టీరింగు పట్టుకున్నాడు. పడవెక్కితే కడుపులో తిప్పుతుంది మరి. నలుగురూ నవ్వుతుంటే భరించలేక శ్రీకాకుళం పోయి ఒక డాక్టరు గారి దగ్గర డ్రైవరుగా చేరాడు. డాక్టరు గారిది జర్మనీ కారు. ముసలితనం వచ్చి ఆయన తిరగడం మానేసినప్పుడు, దీని సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదంటూ ఈయనకే ఇచ్చేశారు. ఏనుగును దానం ఇచ్చినవాడు మేత కూడా ఇవ్వడు కదా, ఆ బాధ మాకు మిగిలింది. అయినా ఆ స్టీరింగు వెనక కూర్చున్నప్పుడు ఈయన మొహం చూడాలి. నాకు తెలిసి పెళ్ళినాడు కూడా అంత నిటారుగా కూర్చోలేదు.

ఎండు చేపల వ్యాపారం నాది. టెక్కలి సంతకు ఇద్దరం కలిసి వెళ్తాం. ఉప్పుకు మాత్రం నౌపడ ఉప్పు మళ్ళకు ఆయన ఒక్కడే పోయేవాడు. డిక్కీ, వెనక సీటు నిండాక ఆఖరి బస్తాను ముందు సీట్లో, నా చోట్లో, కూర్చోబెట్టి తెచ్చేవాడు. ఆ సీటు బాగా కుంగిపోయింది. నేను కూర్చుంటే కిందికి దిగిపోతుంది, లేస్తే కిర్రుమంటుంది.

"నువ్వు దిగితే సీటు ఊపిరి పీల్చుకుంటాదే," అని ఆయన ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో లెక్కలేదు.

మొన్న వానలు వెనకబట్టాక మొదలైంది ఈ జబ్బు. నౌపడ వెళ్తుంటే రైలు గేటు దాటాక, గతుకుల దగ్గర, గుక్క పట్టిన పసిపిల్లలా ఇంజను ఆగిపోయిందట. దిగి, బానెట్ ఎత్తి చూసి, దించి, తలుపు వేసుకుని తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయిందట. ఇంకో వారం మళ్ళీ. ఆ తర్వాత కొన్నాళ్ళు బాగానే ఉంది, మళ్ళీ ఆగింది.

టెక్కలిలో మెకానిక్కు గిరిబాబు దగ్గరకు తీసుకువెళ్ళాం. మావాడే, మంచివాడే. కంప్యూటరు తగిలించి చూశాడు.

"మావా, ఏ తప్పూ నేదంటన్నాదిది," అన్నాడు.

"అది నాతో ఉప్పుకి వస్తాదేటిరా," అన్నాడు మా ఆయన.

గిరిబాబు మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తనే నడిపాడు. గతుకు కనిపిస్తే వదలకుండా తిప్పాడు. బండి ఆగలేదు. బ్యాటరీ మొనలు గీకాడు, ఇంజనుకు పెట్రోలు తోడే మోటారు మార్చాడు. మర్నాడు మా ఆయన ఒక్కడూ ఉప్పుకు బయల్దేరితే మళ్ళీ ఆగింది. ఇంకోసారి వెళ్ళినప్పుడు గిరిబాబు నన్ను పక్కకు పిలిచాడు.

"తప్పుగా అనుకోకత్తా. బండిలో ఏటీ నేదు. మావనే ఓసారి డాక్టరుకి సూపించు."

"నీ కొట్టుకి బండిని తెచ్చినాం గాని మనిషిని తేలేదు," అన్నాను. తిట్టాను గానీ ఆ మాట నాతోపాటే ఇంటికి వచ్చేసింది.

వెళ్ళేటప్పుడే తప్ప, ఉప్పు వేసుకుని వచ్చేటప్పుడు ఎప్పుడూ ఆగదని ఆయనే ఒకసారి చెప్పాడు. నాకు వెంటనే అర్థమైపోయింది. తప్పుగా అర్థమైంది, అది వేరే సంగతి. ఉప్పుంటే దగ్గరకు రానిది దిష్టి కాక మరేమిటి? పేట మొత్తానికి ఒకటే జర్మనీ కారు, ఎవరి కళ్ళు పడ్డాయో. గుప్పెడు కల్లుప్పు, ఎండు మిరపకాయలు గుడ్డలో మూటకట్టి కారు అద్దం దగ్గర వేలాడదీశాను. ఆ తర్వాత కూడా ఆగింది.

"జర్మనీ బండికి మన దిష్టి పనిసెయ్యదే," అన్నాడు ఆయన. నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వడం అదే ఆఖరు, కొన్నాళ్ళదాకా.

మా అమ్మాయి ఉషకు ఎచ్చెర్లలో ఉద్యోగం. సంగతి తెలిసి సెలవు పెట్టి వచ్చింది. తండ్రి పక్కన కూర్చుని పొద్దుటినుంచి సాయంత్రందాకా టెక్కలి, నౌపడ, మళ్ళీ టెక్కలి తిప్పించింది. బండి ఎక్కడా ఆగలేదు. ఆగి ఉంటే ఉష ఎంత సంతోషించేదో నాకు తెలుసు. ఇంటికొచ్చి, కారు దిగకుండానే చెయ్యి చాపింది.

"నాన్నా, తాళం ఇలాగియ్యి. పెదనాన్నకి కూడా ఇలాగే మొదలైనాది."

పెదనాన్నంటే ఈయన అన్న, మా బావగారు నారాయణమూర్తి. చివరి రోజుల్లో, ఎప్పుడో అమ్మేసిన పడవ కోసం ఒడ్డున నిలబడి కేకలేసేవాడు. అన్నం పెడుతున్న పెళ్ళాన్నే ఎవరింటి మనిషివమ్మా అని అడిగాడు. ఆ మాట అన్నప్పుడు మా ఆయన అక్కడే ఉన్నాడు. వారం రోజులు సరిగ్గా తిండి తినలేదు.

ఆయన ఉషకు తాళం ఇచ్చేశాడు. ఉష అది నా చేతిలో పెట్టి, విశాఖలో డాక్టరుకు చూపిద్దామని, బండి అమ్మేద్దామని చెప్పి ఏడ్చుకుంటూ వెళ్ళింది. నేను ఆ తాళాన్ని కొంగున ముడేసుకున్నాను. ఇనుప ముక్కే, అయినా నడుస్తుంటే కాలికి తగిలినప్పుడల్లా ఆయన చెయ్యి విరిచి నా కొంగున కట్టుకున్నట్టుండేది.

ఆ తర్వాత ఆయన అరుగు దిగలేదు. పొద్దున్నే కారు తుడిచేవాడు, వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు నేను చేపలు తిరగేస్తుంటే మెల్లగా అన్నాడు.

"ఈశ్వరీ, నేనే తాళం తిప్పేసి మర్సిపోతన్నానేమోనే."

"ఏటి?"

"బండి ఆగినప్పుడు నా సెయ్యి ఎక్కడున్నాదో నాకు గుర్తుండట్లేదు. నేనే ఆపేసుంటాను. అన్నయ్య కూడా తెలిసి సేసినాడేటి?"

ఆయన మీద నాకు అనుమానం రాలేదని ఎలా అంటాను? ఆయన కంటే ముందే వచ్చింది. అది ఆయన నోటి నుంచి వినేసరికి, తిరగేసిన చేపనే మళ్ళీ తిరగేస్తూ కూర్చున్నాను.

డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిన వారమే పడవలకు కవళ్ళ చేపలు విరగబడ్డాయి. ఒడ్డంతా వెండి పోసినట్టు చేపే. కవళ్ళు ఆగవు, ఉప్పు పడకపోతే సాయంత్రానికి పాడైపోతాయి. ఒక్క ఆటో ఖాళీ లేదు. నేను కొంగు ముడి విప్పాను.

"పద బావా, ఉప్పుకి."

"నాను రాను. అమ్మాయి వద్దన్నాది."

"అమ్మాయి నిన్ను ఒక్కణ్ణీ వద్దన్నాది. నేను పక్కనుంటాను, పద."

వెళ్ళాం. గేటు దాటాం, గతుకులు దాటాం, ఏమీ కాలేదు. నౌపడలో బస్తాలు ఎక్కించారు. ఆఖరి బస్తాను అలవాటు చొప్పున ముందు సీట్లో పెట్టేశారు. తీయించేంత ఓపిక ఎవరికుంది? వెనక బస్తాల మధ్య నేనే ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇంటిదాకా వచ్చాను. బండి ఆగలేదు.

ఇంటి ముందు ఆయన ముందు తలుపు తీసి బస్తాను భుజానికెత్తుకున్నాడు. సీటు కిర్రుమంది.

ఆ చప్పుడు నేను లేస్తే వచ్చేది. నేను దిగడం పూర్తికాక, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి అలాగే ఉండిపోయాను. నేనుంటే ఆగదు. ఉష ఉంటే ఆగదు. గిరిబాబు నడిపినప్పుడు ఆ సీట్లో ఈయనే ఉన్నాడు. ఉప్పు బస్తా ఉన్నా ఆగదు. గుప్పెడు ఉప్పు మూటకు మాత్రం ఆగింది. ఉప్పులో మహిమేమీ లేదు, బరువుంది.

చేపలకు ఉప్పు పట్టించే పని తోటికోడలికి అప్పగించాను.

"బావా, బండి తియ్యి. మళ్ళీ గేటు దాకా ఎల్దాం."

"ఎందుకే?"

"ఈసారి నేను ఎనక కూర్సుంటాను. ముందు సీట్లో ఎవరూ ఉండకూడదు."

ఆయన నాకేసి అనుమానంగా చూశాడు. ఇంట్లో ఒకరికి మతి పోయింది చాలదా అన్నట్టుంది ఆ చూపు. అయినా తీశాడు. నేను వెనక సీట్లో మధ్యన, రెండు సీట్ల సందులోంచి ముందుకు వంగి కూర్చున్నాను. కళ్ళు తాళం మీదే పెట్టాను, రెప్ప వేయడానికి కూడా భయపడ్డాను. గేటు దాటాం. మొదటి గతుకు దాటింది. రెండో గతుకులో ఇంజను ఆగిపోయింది.

కారు కాస్త దూరం ఊరికే దొర్లి నిలబడింది. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"సూసినావేటి," అన్నాడు. "తాళం సూడే ఈశ్వరీ. నాను తిప్పినానేటి?"

"నువ్వు తిప్పలేదు బావా. నేను సూస్తన్నాను. తాళం ఎక్కడున్నది అక్కడే ఉన్నాది. నీ సేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి."

"సరిగ్గా సూసినావా?"

"నా కళ్ళారా సూసినాను. నువ్వు ఆపలేదు. అదే ఆగిపోయినాది."

ఆయన తల స్టీరింగు మీద ఆనించేశాడు. వెనక లారీవాడు హారను మీద హారను కొడుతున్నాడు. కొట్టనీ అనుకున్నాను. అరవై దాటిన మగాడు నడిరోడ్డు మీద ఏడుస్తుంటే వీపు నిమరడం తప్ప నాకు ఇంకో పని లేదు. నేనూ ఏడ్చాను. ఒక కారు పాడైపోయినందుకు అంత సంతోషపడిన ఆడది ఈ చుట్టుపక్కల ఇంకెవరూ ఉండరు.

తర్వాత దిగి, తలుపు చప్పుడు కాకుండా తీసి, ముందు సీట్లో కూర్చున్నాను. సీటు కుంగింది.

"ఇప్పుడు తిప్పు," అన్నాను. బండి స్టార్టయింది. లారీవాడి బాధ కూడా తీరింది.

అటునుంచి అటే టెక్కలి వెళ్ళాం. నేను చెప్పింది విని గిరిబాబు ఇంకేమీ అడగలేదు, ఆ సీటు విప్పి బయట పెట్టాడు. అడుగున స్ప్రింగులు కుంగి కిందికి దిగిపోయాయి. వాటి కింద వైర్ల కట్ట ఉంది. పెట్రోలు మోటారుకు వెళ్ళే వైరు పచ్చగా చిలుము పట్టి తెగిపోయింది. తెగిన రెండు కొసలూ పక్కపక్కనే పడున్నాయి. సీట్లో బరువుంటే స్ప్రింగు నొక్కి రెండింటినీ కలిపి ఉంచుతోంది. బరువు లేకపోతే గతుకు తగలగానే విడిపోతున్నాయి. తలుపు విసిరి వేస్తే ఆ కుదుపుకు మళ్ళీ తగులుకుంటున్నాయి.

"ఉప్పు నీరు దిగినాదత్తా," అన్నాడు గిరిబాబు. "మీ బస్తాల్లోదే. తడి బస్తాలు పెట్టి పెట్టి తినేసినాది."

అంటే వైరును తెంపిందీ ఉప్పు బస్తాయే, ఇంటిదాకా చేర్చిందీ ఉప్పు బస్తాయే. నాలాగే ఉంది దాని వరస. తిట్టేదీ నేనే, అన్నం పెట్టేదీ నేనే.

గిరిబాబు కొత్త వైరు వేసి, సీటు బిగించి, చేతులు తుడుచుకుంటూ మా ఆయన ముందు నిలబడ్డాడు.

"మావా, నేను ఆ రోజు అత్తతో అన్నమాట..."

"నాకూ అలాగే అనిపించినాదిరా," అన్నాడు మా ఆయన. "టీ సెప్పు."

ఉష ఫోనులో అంతా వింది. తర్వాత నాన్నకియ్యమ్మా అంది. నేను ఫోను ఆయనకిచ్చి చేపల దగ్గరకు వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన మొహం కడుక్కుంటున్నాడు. టెక్కలి నుంచి రాగానే అలవాటుగా మళ్ళీ కొంగున వేసుకున్న ముడి విప్పి, తాళం ఆయన తడిచేతిలో పెట్టాను.

మర్నాడు మళ్ళీ ఉప్పు కావాల్సి వచ్చింది. బండి బయటకు తీసి, ఇంటి ముందు నిలిపి, నాకోసం తలుపు తెరిచాడు. ముందు సీటు మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"బాగైపోయినాది గదా," అన్నాను. "ఇంక నాతో పనేటి? బస్తా ఎక్కడ పెడతావు?"

"ఇక్కడ పెట్టను. ఒక బస్తా తగ్గితే కొంపలేం మునగవు. ఎక్కు."

ఎక్కాను. గేటు దగ్గరకు వచ్చేసరికి రైలుందని వేసేశారు. బండి ఆపి, ఇంజను కట్టేసి, ఆయన ఎదురుగా ఉన్న గేటు వంక చూస్తూ కూర్చున్నాడు.

"నీకొకటి సెప్పనేదు," అన్నాడు. "బండి ఆగినప్పుడల్లా, బానెట్ ఎత్తకముందు నీ పేరు పైకి అనుకునీవోణ్ణి. ఈశ్వరి అని. అది గుర్తున్నాదంటే ఇంకా ఫరవానేదు అనుకుని అప్పుడు దిగీవోణ్ణి."

రైలు వచ్చింది. పెద్ద గూడ్సు, ఎంతకీ తరగలేదు. అది వెళ్ళిపోయాక గేటు లేచింది. ఆయన తాళం మీద చెయ్యి వేసి, తిప్పకుండా నాకేసి తిరిగాడు.

"ఈశ్వరీ," అన్నాడు.

"ఇప్పుడెందుకు? అది ఆగిపోనేదు, నువ్వే ఆపినావు."

"అయినా," అని తాళం తిప్పాడు.