కొమురెల్లి దగ్గితే తునికాకు

పొద్దుగాల బాలలక్ష్మి చాట ముందలేసుకొని బీడీలు చుడ్తది. పక్కన మొగడు కొమురెల్లి దగ్గుతడు. దగ్గినప్పుడల్లా నోట్లకెల్లి ఓ తునికాకు పడ్తది. ఆమె దాన్ని తుడిచి, కత్తిరించి, తంబాకు పోసి చుడ్తది. లక్సెట్టిపేట కాడి ఆ ఊర్లె ఎవ్వలకూ అది వింత కాదు. బజారు ఆకుకన్నా మెత్తగున్నదని అమ్మలక్కలు జర కుళ్లుకునేటోళ్లు, గంతే.

ఊరోళ్ల సంగతి తెల్వనిదా, ఆకు రాల్తే ఊకున్నరు గని దగ్గు తగ్గక దవాఖాన్ల తీపిచ్చిన ఎక్స్‌రేల మచ్చ అంటే ఊకుంటరా? టీబీ అన్నరు. తల్లి లింగవ్వ కొడుకు కంచం వేరు చేసింది, మంచం అరుగు మీద ఏసింది. ఎనిమిది నెలల బిడ్డను దగ్గరికి రానియ్యలే. ఆర్నెల్లు గోళీలు మింగిండు. మచ్చ తగ్గలే, దగ్గు తగ్గలే. బిడ్డ గడప లోపట్నే నడక నేర్సింది. కొమురెల్లి అరుగు మీదికెల్లి చూసి ఏడ్సిండు.

ఆఖరికి కరీంనగర్ల డాక్టర్ సుదర్శన్‌రావు దగ్గరికి పోయిండ్రు. కొమురెల్లి ఆయన బల్ల మీదనే దగ్గిండు. డాక్టర్ పచ్చి ఆకును అటూ ఇటూ తిప్పి చూసిండు.

"టీబీల ఆకు రాదు. హైదరాబాద్ పోయి ఛాతికి సీటీ స్కాన్ తీపియ్యిండ్రి."

"ఎక్స్‌రే తీసిండ్రు గద సారూ?" అన్నది బాలలక్ష్మి.

"ఆకుకట్టను మీదికెల్లి చూస్తే నడుమ ఏ ఆకు చిరిగిందో ఎరుకైతదా అమ్మా?"

"కట్ట విప్పాలె. ఒక్కొక్కటి తిప్పాలె."

"ఎక్స్‌రేల బొక్కలు, గుండె, ఊపిరితిత్తులు అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్తయి. స్కాన్ మిషిన్ మనిషిని కొయ్యకుంటనే పొర పొర ఫోటో తీస్తది. మచ్చ ఏందో, ఎంత లోతుకున్నదో గప్పుడు తెలుస్తది. ఊపిరి బిగబట్టుమన్నప్పుడు బిగబట్టాలె."

హైదరాబాద్‌ల మిషిన్ల పండుకొని కొమురెల్లి దగ్గును గట్టిగ ఆపుకున్నడు. ఇంటికాడ లింగవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కింది.

ఫోటోల గాలిగొట్టం కొసకు ఓ తునికి గింజ కనబడ్డది, సన్నటి వేరుతోని. చిన్నప్పుడు అడివిల తునికిపండ్లు తినుకుంట ఉరికినప్పుడు లోపటికి పోయుంటది. నోట్లకెల్లి సన్న పైపు వేసి గింజను తీసిండ్రు.

ఇంటికొచ్చి కూడ కొమురెల్లి అలవాటుగ అరుగు మీదనే కూసున్నడు. బాలలక్ష్మి బిడ్డను ఎత్తుకొని వచ్చింది. ఆయన మొఖం తిప్పుకొని దగ్గిండు. ఆమె చెయ్యి దానంతటదే కిందికి పోయింది. ఏం పడలే.

"ఇగ ఆకు రాదే," అన్నడు, తప్పు చేసినోని లెక్క.

"బజార్ల కొనుక్కుంట. ముందు నీ బిడ్డను పట్టు," అని ఒళ్లె వేసింది.

లింగవ్వ అరుగు మీది కంచం తీస్కపోయి అందరి కంచాలల్ల కలిపింది.