వచ్చే పుస్తకం నీకే

మాస్టారి నిఘంటువులో అంకితమంటే భక్తితో సమర్పించడం. వారి భార్య నిఘంటువులో మాత్రం కాకా పట్టడం, అదీ గట్టి అట్ట వేసి మరీ.

మాస్టారు కాలేజీలో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి చరిత్ర పుస్తకాలు రాసేవారు. ఆ కోడిగీతల్ని కూడబలుక్కుని టైపు చేసేదీ, తప్పులు దిద్దేదీ, ప్రెస్సువాళ్లతో తగువులాడేదీ ఆవిడ. మొదటి పుస్తకం ప్రిన్సిపాల్‌కి అంకితమైంది, ప్రమోషన్ వచ్చింది. తర్వాతది లైబ్రరీలకు పుస్తకాలు కొనే పెద్దమనిషికి. అది ఇప్పటికీ ప్రతి లైబ్రరీలోనూ దుమ్ము కొట్టుకుపోయి ఉంది. అచ్చైన ప్రతిసారీ "వచ్చే పుస్తకం నీకే" అనేవారు. ఆవిడ పైకి నవ్వేసేది గానీ, ఆ పేజీలో తన పేరు చూసుకోవాలని ప్రాణం కొట్టుకునేది. ఇన్నేళ్ల చాకిరీకి ఆవిడ ఆశపడ్డది ఆ ఒక్క పంక్తికే.

ఈసారి అంకితం కాలేజీల డైరెక్టర్‌కి. పేరు ముందు "విద్యాసూర్యులు" అని కూడా తగిలించారు. తీరా ప్రెస్సుకు పంపాల్సిన రోజే ఆ సూర్యుణ్ణి పదవిలోంచి పీకేశారు. మాస్టారు చెప్పులైనా విడవకుండా లోపలికొచ్చి, "ఆ పేజీ మార్చెయ్. ఈ పుస్తకం నీకే" అన్నారు.

ఆవిడ సూర్యుణ్ణి చెరిపి తన పేరు కొట్టింది. తెర మీద దాన్ని చూసి కళ్లు చెమర్చాయి. అయినా ఉండబట్టలేక, కొత్త డైరెక్టర్ ఎవరని అడిగింది.

"ఇంకా ఎవర్నీ వెయ్యలేదు. వేసుంటే ఈ గొడవెందుకు?" అంటూ ఆయన స్నానానికి వెళ్లిపోయారు. అబద్ధమాడాలన్న ఇంగితం కూడా లేదు మహానుభావుడికి.

ఆవిడ తన పేరును తానే అక్షరం అక్షరం చెరిపేసింది. సూర్యుణ్ణి మళ్లీ ఉదయింపజేసి ప్రెస్సుకు పంపింది. పుస్తకం అచ్చై వస్తే మాస్టారు అట్ట మీద తన ఫొటో చూసుకుని మురిశారే తప్ప లోపలికి తొంగి చూడలేదు.

ఆవిష్కరణ సభకు కొత్త డైరెక్టరే ముఖ్య అతిథి. మొదటి పేజీ తిప్పి, పాత డైరెక్టర్ పేరు చదివి, పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. సభ అవగానే ఆవిడ దగ్గరకొచ్చి, నీ పేరు వెయ్యమంటే ఏం చేశావని పళ్లు నూరారు.

"నన్ను ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టారు కదండీ" అంది ఆవిడ. "అసలాయన రాగానే లేవమంటారని, ముందే లేచాను."